స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

పాఠశాల ల్యాబ్‌లో నలుగురికి ఒక కిట్ ఇచ్చి, ఓ మూల నిలబడి పది నిమిషాలు గమనించండి. జట్టులో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఉంటే చాలాసార్లు ఒకటే దృశ్యం. వైర్లు అబ్బాయి చేతిలో, పెన్ను అమ్మాయి చేతిలో. ఆమె రీడింగులు రాస్తుంది, పట్టిక గీస్తుంది, రికార్డు శుభ్రంగా పూర్తిచేస్తుంది. టీచరు వచ్చి "భలే నీట్‌గా రాశావమ్మా" అని మెచ్చుకుంటారు. ఏడాది గడిచేసరికి ఆ అబ్బాయికి వైరు వదులైతే ఏం జరుగుతుందో వేళ్లకు తెలిసిపోతుంది. ఆ అమ్మాయికి రాత మరింత నీట్‌గా వస్తుంది. తర్వాత ఇంజనీరింగో, ఫిజిక్సో ఎంచుకోవాల్సిన రోజున "నాకు అవి రావు" అని ఆమే అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే రావు, ఎందుకంటే ఎవరూ ముట్టుకోనివ్వలేదు.

అమ్మాయిలకు టెక్నాలజీ మీద ఆసక్తి తక్కువన్న మాటను నేను ఒప్పుకోను. చరిత్ర కూడా ఒప్పుకోదు. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటిగా 1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్‌కు ప్రోగ్రాములు రాసి నడిపించినవాళ్లు ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవారిలో 1984 ప్రాంతంలో సుమారు 37 శాతం మంది అమ్మాయిలే. ఆ తర్వాత ఆ వాటా పడిపోతూ 18 శాతం దగ్గరికి చేరింది. అమ్మాయిల మెదళ్లు ముప్పై ఏళ్లలో మారిపోవు కదా. ఇంటి కంప్యూటర్లు వచ్చిన కాలమది. వాటిని అబ్బాయిల వస్తువుగా అమ్మారు, అబ్బాయిల గదుల్లో పెట్టారు. కాలేజీలో మొదటి క్లాసుకే ఒకరు అయిదేళ్ల అనుభవంతో వచ్చి కూర్చుంటే, ఇంకొకరు కీబోర్డు కొత్తగా పట్టుకున్నారు. ఆ తేడాను అందరూ తెలివిలో తేడా అనుకున్నారు, అమ్మాయిలు కూడా.

ఇది తిరగదిప్పగల విషయమేనని చూపించిన చోట్లు ఉన్నాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరిన అమ్మాయిల వాటా 1995లో 7 శాతం. 2000 నాటికి అది 42 శాతం అయింది. జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ అనే పరిశోధకులు అక్కడి విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి కారణాలు తవ్వితీశారు. ప్రవేశంలో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే బరువు తగ్గించారు, కొత్తవాళ్లకు వేరే దారిలో మొదటి కోర్సు పెట్టారు. చేరాక నేర్పించగలిగినదాన్ని చేరడానికి అర్హతగా అడగడం మానేశారు. పాఠశాల స్థాయిలో మనం చేయాల్సిందీ అదే పని, ఇంకా చిన్న వయసులో.

వయసు విషయం కాస్త వివరంగా చెప్పాలి. "శాస్త్రవేత్త బొమ్మ గీయండి" అని పిల్లలను అడిగే పరీక్ష ఒకటుంది. డేవిడ్ చేంబర్స్ 1983లో ప్రచురించిన ఫలితాల్లో 4,807 మంది పిల్లల బొమ్మలుంటే, అందులో మహిళా శాస్త్రవేత్తలు 28 మంది. ఆ 28 బొమ్మలూ అమ్మాయిలు గీసినవే. అమెరికాలో అయిదు దశాబ్దాల పాటు జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో చూస్తే, కాలం గడిచేకొద్దీ మహిళల బొమ్మలు పెరిగాయి. కానీ పిల్లలు పెద్దవుతున్నకొద్దీ తగ్గాయి. ఆరేళ్ల అమ్మాయిలు ఎక్కువగా మహిళనే గీస్తారు, పదహారేళ్ల అమ్మాయిలు ఎక్కువగా మగవాణ్ని గీస్తారు. అందుకే కాలేజీలో చేరే ముందు ఇచ్చే ఉపన్యాసాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పని మొదలుపెట్టాల్సింది తొమ్మిది, పదేళ్ల వయసులో. పదమూడు దాటితే ఆలస్యమైనట్టు కాదు గానీ, అప్పటికి "ఇది నాకు కాదు" అన్న మాటను ముందు తవ్వి తీయాల్సి వస్తుంది.

ముందుగా కొలత. మీ క్లాసులో, క్లబ్బులో పరిస్థితి ఏమిటో ఊహించవద్దు, లెక్కపెట్టండి. ఒక కాగితం మీద ప్రతి జట్టుకూ ఒక వరుస గీయండి. అరవై నిమిషాల తరగతిలో ప్రతి అయిదు నిమిషాలకూ ఒకసారి తలెత్తి, ఆ క్షణంలో పరికరం మీద చేయి ఎవరిదో వాళ్ల పేరులో మొదటి అక్షరం రాయండి. ఒక్కో జట్టుకు పన్నెండు గుర్తులు వస్తాయి. నలుగురి జట్టులో ఒక్కొక్కరికి మూడు రావాలి. ఒకరికి ఎనిమిది, ఒకరికి సున్నా వస్తే మీ సమస్య కళ్ల ముందుంది. పిల్లలకు ఈ కాగితం చూపించి తిట్టాల్సిన పనిలేదు. ఏర్పాటు మార్చాలి, అంతే.

ఏర్పాటు అంటే మొదట సంఖ్యలు. ఒక కిట్‌కు ఇద్దరి కంటే ఎక్కువ వద్దు. కిట్లు తక్కువుంటే పిల్లలను రెండు బ్యాచ్‌లుగా పిలవండి గాని, నలుగురిని ఒకదాని చుట్టూ కూర్చోబెట్టకండి. ఇద్దరిలో ఒకరు చేస్తారు, ఇంకొకరు చదివి చెబుతారు. పది నిమిషాలకు టైమర్ మోగుతుంది, కుర్చీలు మారతాయి. "మీలో మీరు మార్చుకోండి" అని వదిలేస్తే మారరు. మోగేది టైమరే కావాలి, ఎందుకంటే టైమర్‌తో మొహమాటం ఉండదు. మొదటి మూడు, నాలుగు తరగతులు అమ్మాయిలను అమ్మాయిలతోనే జట్టు కట్టండి. చేయి తిరిగాక కలపవచ్చు, కలిపినా ఆ తేడా అంతగా కనిపించదు. ఆరుగురికి ఒక పెద్ద మనిషి సహాయంగా ఉంటే చాలు, పది మందికి ఒకరైతే చాలదు.

ఆ సహాయకులకు ఒకే ఒక కఠినమైన నియమం: పిల్లల కీబోర్డు, వైరు, స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మాటతోనే సాయం చేయాలి. అబ్బాయి ఆగిపోతే పెద్దవాళ్లు "ఏదీ, ఇంకోసారి చూడు" అంటారు. అమ్మాయి ఆగిపోతే "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని చేసిచ్చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆమెకు అందే సందేశం "నీవల్ల కాదు" అనే. ఇది తగ్గించడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే చేసేవాళ్లకు తాము చేస్తున్నట్టే తెలియదు.

మొదటి రోజు ఏం చేయించాలి

ఆర్డుయినో ఊనో బోర్డు (కంప్యూటర్ నుంచి ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), ఒక బ్రెడ్‌బోర్డు (భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలక), ఒక ఎర్ర ఎల్ఈడీ దీపం, కరెంటును అదుపులో ఉంచే 220 ఓమ్‌ల రెసిస్టర్, రెండు జంపర్ వైర్లు, యూఎస్‌బీ కేబుల్. ఎల్ఈడీని వెలిగించడమే మొదటి రోజు పని, దానికి ఇంతే చాలు. మాటలు పది నిమిషాలకు మించవద్దు. తొంభై నిమిషాల తరగతిలో కనీసం అరవై నిమిషాలు చేతుల్లో పని ఉండాలి. కిట్‌కు మూడు ఎల్ఈడీలు, అయిదు రెసిస్టర్లు పెట్టండి, ప్రతి అయిదు కిట్లకూ ఒక కిట్ అదనంగా ఉంచండి. ఒక ఎల్ఈడీ కాలిపోతే పాప మొహం పాలిపోకూడదు. "పోనీ, ఇంకోటి తీసుకో" అనగలిగేలా ఉండాలి. విరగ్గొట్టే భయం ఉన్నచోట ఎవరూ నేర్చుకోలేరు, వస్తువులు జాగ్రత్తగా చూసుకోమని పదేపదే విన్న పిల్లలైతే అసలే ముట్టుకోరు.

లెక్క కూడా వాళ్లతోనే చేయించండి. బోర్డు పిన్ 5 వోల్టులు ఇస్తుంది. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడాలి. 3ని 220తో భాగిస్తే 0.0136, అంటే దాదాపు 14 మిల్లీయాంపులు. ఊనో పిన్‌కు 20 మిల్లీయాంపులు హాయిగా నడిచే హద్దు, 40 దాటితే చిప్ దెబ్బతినవచ్చు. రెసిస్టర్ ఎందుకని అడిగే పిల్లకు "అలాగే పెట్టాలి" అని చెప్పకుండా ఈ మూడు వరుసల లెక్క చేతికిస్తే, గణితం అప్పటికప్పుడు పనికొచ్చిన వస్తువవుతుంది.

వెలగదు. చాలామందికి మొదటిసారి వెలగదు. అసలు పాఠం ఇక్కడే ఉంది కాబట్టి ఈ చోట తొందరపడకండి. వెలగకపోవడానికి కారణాలు కొన్నే, వాటిని వెతకడానికి ఒక వరుస ఉంది.

కంప్యూటర్‌కు బోర్డే కనిపించకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఫోన్లతో వచ్చే కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, పోర్టు మాత్రం జాబితాలోకి రాదు. పిల్ల గంటసేపు తన తప్పు వెతుక్కుంటుంది. కేబుళ్లన్నీ ముందురోజే పరీక్షించి, పనిచేసేవాటికి రంగు టేపు చుట్టండి. కొన్ని నకలు బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని గుర్తించడానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ విడిగా వేయాల్సి రావచ్చు, అదీ ముందురోజు పనే.

కేబుల్ సరే, ప్రోగ్రాం ఎక్కింది, అయినా వెలుగు లేదు. ఎల్ఈడీ తిరగబడి ఉండవచ్చు: పొడవు కాలు ప్లస్ వైపు, అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. లేదా రెండు కాళ్లూ బ్రెడ్‌బోర్డులో ఒకే అయిదు రంధ్రాల వరుసలో గుచ్చి ఉంటారు. ఆ అయిదూ లోపల కలిసే ఉంటాయి కనుక ఎల్ఈడీని పక్కన పెట్టి కరెంటు నేరుగా వెళ్లిపోతుంది. పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి అంచునుండే పవర్ పట్టీ సగంలో తెగి ఉంటుంది. గీత తెగిన చోట చూస్తే తెలుస్తుంది. ఎల్ఈడీ వెలిగీ వెలగనట్టు మినుకుమంటే రెసిస్టర్ రంగులు చూడమనండి. ఎరుపు, ఎరుపు, గోధుమ అంటే 220 ఓమ్‌లు. ఎరుపు, ఎరుపు, నారింజ అంటే 22 వేల ఓమ్‌లు. మసక వెలుతురులో గోధుమ, నారింజ ఒకేలా కనిపిస్తాయి. వందరెట్లు తేడా, కరెంటు వందో వంతు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ను రెండో వారం క్లాసులోనే చేతికివ్వండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎల్ఈడీ వెలిగి ఉండాల్సిన సమయంలో దాని రెండు కాళ్ల మధ్య కొలవాలి. సుమారు 2 వోల్టులు చూపితే అంతా సరిగానే ఉంది. 5 చూపిస్తే ఎల్ఈడీలోంచి కరెంటు పోవడం లేదు: తిరగబడింది లేదా కాలిపోయింది. సున్నా చూపిస్తే, రెసిస్టర్ మీద కూడా కొలవండి. అక్కడా సున్నా అయితే కరెంటు అసలు రావడం లేదు, వైరో పిన్ నంబరో చూసుకోవాలి. రెసిస్టర్ మీద 5 ఉండి ఎల్ఈడీ మీద సున్నా ఉంటే, రెండు కాళ్లూ ఒకే వరుసలో ఉన్నాయి. మూడు అంకెలతో తప్పు ఎక్కడుందో చెప్పగలిగిన అమ్మాయి మొహం చూస్తే, ఎన్ని ప్రోత్సాహక ప్రసంగాలు వృథా అయ్యాయో అర్థమవుతుంది.

మూడో వారం క్లాసుకు బటన్. ఇక్కడ రెండు తప్పులు దాదాపు ఖాయం. నాలుగు కాళ్ల బటన్‌లో కాళ్లు జంటలుగా లోపల కలిసే ఉంటాయి. దాన్ని తొంభై డిగ్రీలు తిప్పి గుచ్చితే ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. రెండోది, పిన్‌ను దేనికీ కట్టకుండా గాలిలో వదిలేయడం. అప్పుడు చేయి దగ్గరకు తెస్తే చాలు, వెలుగు తనకుతానే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ప్రోగ్రాంలో ఇన్‌పుట్ పుల్అప్ అని పెడితే పిన్ బోర్డు లోపలే 5 వోల్టుల వైపు కట్టి ఉంటుంది కనుక ఆ సమస్య పోతుంది, కానీ నొక్కినప్పుడు వచ్చే విలువ తలకిందులవుతుందని చెప్పడం మరవద్దు. ఒక్కసారి నొక్కితే మూడుసార్లు లెక్కపడుతోందా? లోపలి లోహపు రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తాకుతుంది. 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివితే సరిపోతుంది.

ఇవన్నీ ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. పనిచేయనప్పుడు చాలామంది అబ్బాయిలు "ఈ బోర్డు బాలేదు" అంటారు. చాలామంది అమ్మాయిలు "నాకు రావడం లేదు" అంటారు. ఒకరు వస్తువును నిందిస్తారు, ఒకరు తమను తాము నిందించుకుంటారు. తప్పు వెతికే వరుస చేతిలో ఉంటే ఎవరినీ నిందించే అవసరం రాదు. అందుకే నాలుగో వారం క్లాసులో నేను గట్టిగా సిఫారసు చేసేది తప్పుల పెట్టె: ఆరు కిట్లలో మీరే ఆరు రకాల తప్పులు పెట్టి ఇవ్వండి. తిరగేసిన ఎల్ఈడీ, నారింజ గీత రెసిస్టర్, డేటా లేని కేబుల్, తొంభై డిగ్రీల బటన్, ప్రోగ్రాంలో మారిన పిన్ నంబరు, ఒక సెమీకోలన్ లోపం. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు. దొరికినదాన్ని నల్లబల్ల మీద రాయాలి: ఏం కనిపించింది, ఏం అనుమానించాను, ఏం కొలిచాను. ఇక్కడ తప్పు ఆమెది కాదని ముందే తెలుసు కనుక భయం ఉండదు, వేట మాత్రమే ఉంటుంది. ఈ తరగతి తర్వాత మానేసే అమ్మాయిలు చాలా తక్కువ.

ఒక్కరోజు పండగలా చేసి వదిలేయకండి. ఆ ఉత్సాహం వారంలో ఆరిపోతుంది. కనీసం ఎనిమిది వారాలు, వారానికొక తరగతి. మీ విజయాన్ని మొదటి రోజు వచ్చిన తలలతో కొలవకండి, ఆరో వారం క్లాసుకు ఎందరు మిగిలారో చూడండి.

అయిదో వారం నుంచి ఎవరి ప్రాజెక్టు వాళ్లదే. అమ్మాయిలకని గులాబీ రంగు డబ్బాలు, నగల డిజైన్లు పెట్టడం నాకు నచ్చదు. ఏ సమస్య తీసుకోవాలో వాళ్లనే అడగండి. మొక్క కుండీలో తేమ కొలవడం మంచి ఎంపిక, ఎందుకంటే అది తొందరగా పాడవుతుంది. మట్టిలో గుచ్చే చవక రకం సెన్సర్‌కు ఎప్పుడూ కరెంటు ఇస్తే విద్యుద్విశ్లేషణ వల్ల దాని లోహపు పూత కరిగిపోతుంది, రీడింగులు రోజురోజుకూ జారిపోతాయి. డిజిటల్ పిన్ నుంచి కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చి వెంటనే ఆపేస్తే చాలాకాలం నిలుస్తుంది. లోహం మట్టికి నేరుగా తగలని కెపాసిటివ్ రకమైతే ఈ బాధ తక్కువ. పొడిగాలిలో ఒక రీడింగు, నీళ్లలో ఒక రీడింగు తీసుకుని, బోర్డు రీడింగుగా చూపే 0 నుంచి 1023 మధ్య తన సెన్సర్ హద్దులు ఏవో ఆమే కనుక్కోవాలి. ఎలక్ట్రానిక్స్‌తో మొదలైన పని ఇలా కెమిస్ట్రీలోకి, అక్కడినుంచి గ్రాఫులోకి నడుస్తుంది.

మనసులో తిప్పి చూడటం

కోడింగ్ క్లబ్బులు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది. ఒక వస్తువును మనసులోనే తిప్పి, వెనకవైపు ఎలా ఉంటుందో ఊహించే నైపుణ్యం మెకానికల్ డ్రాయింగ్‌కు, రసాయన అణువుల నిర్మాణానికి, భూగర్భశాస్త్రానికి, శస్త్రచికిత్సకు అవసరం. దీన్ని కొలిచే పరీక్షల్లో అమ్మాయిల సగటు తక్కువగా రావడం మామూలే. అది పుట్టుకతో వచ్చిందని చాలామంది నమ్ముతారు. అమెరికాలోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ 1993లో మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులకు దీనిమీదే ఒక కోర్సు మొదలుపెట్టారు. ఈ నైపుణ్యాన్ని కొలిచే ముప్పై ప్రశ్నల పర్‌డ్యూ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లను అందులో చేర్చుకున్నారు. వాళ్ల స్కోర్లు బాగా పెరిగాయి, ఆ కోర్సు చేసిన అమ్మాయిలు ఇంజనీరింగ్‌లో ఎక్కువగా నిలిచారు. బిల్డింగ్ బ్లాకులతో ఆడిన చిన్నతనానికీ ఈ నైపుణ్యానికీ సంబంధం ఉందంటే ఆశ్చర్యం ఏముంది?

వారానికి అరగంట, ఎనిమిది నుంచి పది వారాలు చాలు. ఒకదానికొకటి అతుక్కునే ఘనాలు ఒక్కొక్కరికి పది, ఘనాల బొమ్మలు గీయడానికి వీలుగా చుక్కలుండే ఐసోమెట్రిక్ కాగితం, పెన్సిలు. మొదట అయిదారు ఘనాలతో ఒక ఆకారం కట్టి, పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి ఎలా కనిపిస్తుందో మూడు బొమ్మలు గీయాలి. తర్వాత ఆ మూడు బొమ్మల నుంచి చుక్కల కాగితం మీద అసలు ఆకారం గీయాలి. మూడో వారం నుంచి ఒక అక్షం చుట్టూ తొంభై డిగ్రీలు తిప్పాక ఎలా ఉంటుందో ముందు గీసి, ఆ తర్వాతే చేతిలోని ఘనాలు తిప్పి సరిచూసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: కంప్యూటర్ తెర మీద బొమ్మను మౌస్‌తో తిప్పి చూపించేస్తారు. తెర తిప్పితే కళ్లు చూస్తాయి, మెదడు పని చేయదు. ముందు చేత్తో గీయాలి.

మెచ్చుకోవడంలో కూడా జాగ్రత్త కావాలి. మనస్తత్వవేత్తలు క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని పొగిడించుకున్న పిల్లలు ఆ తర్వాత సులువైన లెక్కలు ఎంచుకున్నారు. బాగా కష్టపడ్డారని అనిపించుకున్నవాళ్లు కష్టమైన లెక్కలకు సై అన్నారు. తెలివైన పిల్ల అన్న పేరు పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? "నువ్వు చురుకైనదానివి" అనే బదులు, చేసిన పని పేరు పెట్టి చెప్పండి: "కేబుల్ మార్చి చూడాలని నీకు ముందు తట్టింది, దాంతో సగం పని అయిపోయింది." ఇలా చెప్పాలంటే ఆమె చేసింది మీరు నిజంగా చూసి ఉండాలి. కొంచెం శ్రమే.

ల్యాబ్ వస్తువుల సైజులు చాలామందికి తట్టని సంగతి. చేతికి పెద్దదైన గ్లవ్ వేసుకుని బ్యూరెట్ తిప్పితే పట్టు జారుతుంది. ముక్కు మీద నిలవని కళ్లద్దాలు పెట్టుకున్న పిల్ల వాటిని మాటిమాటికీ సర్దుకుంటూ ఉంటుంది, చూసేవాళ్లు "అజాగ్రత్త" అంటారు. చిన్న, అతిచిన్న సైజులు కొనండి. సోల్డరింగ్ చేయిస్తే ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, జుట్టు ముడి వేయించి, పొగ పక్కకు లాగే ఫ్యాన్ పెట్టి, అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. తాళం వేసి మూసి ఉంచని బాత్రూమ్ దగ్గరలో ఉండాలి. వెళ్లడానికి చేయెత్తి అందరి ముందూ అడగాల్సిన నియమం తీసేయండి. నెలసరి రోజుల్లో ల్యాబ్ ఎగ్గొట్టే అమ్మాయిల సంఖ్య ఈ ఒక్క మార్పుతో తగ్గవచ్చు. తరగతి చీకటి పడకముందే ముగియాలి. పనులన్నీ బాగా చేసి సమయం ఒక్కటి తప్పు పెట్టినందుకు పిల్లలు రావడం మానేసిన క్లబ్బులు ఎన్నో.

సబ్జెక్టులు ఎంచుకునే రోజు

పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో గణితం వదిలేయాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: ఇష్టం తెలియకపోతే గణితం వదలకండి. బయాలజీ చదివి తర్వాత జన్యు సమాచారం విశ్లేషించాలన్నా, వాతావరణ శాస్త్రానికి వెళ్లాలన్నా, మెడికల్ స్కానర్లు తయారుచేయాలన్నా గణితం అడుగుతారు. గణితం ఉన్నవాళ్లు తర్వాత దాన్ని వదులుకోగలరు. లేనివాళ్లు మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. గణితమంటే ఆందోళన పడతామని చెప్పే అమ్మాయిలు అబ్బాయిల కంటే ఎక్కువ అని పదిహేనేళ్ల పిల్లల మీద జరిగే అంతర్జాతీయ పీసా సర్వేలు చాలా దేశాల్లో చూపించాయి, మార్కులు సమానంగా ఉన్నచోట కూడా. కనుక "నాకు లెక్కలు రావు" అన్న అమ్మాయిని నమ్మే ముందు గత రెండేళ్ల మార్కులు ఆమెతో కలిసి చూడండి. చాలాసార్లు ఒకే ఒక పరీక్ష, ఒకే ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయి ఉంటుంది. భిన్నాలో, బీజగణితంలో సమీకరణాలో. ఆ అధ్యాయం ఆరు వారాలు, రోజుకు ఇరవై నిమిషాలు చేయిస్తే చాలావరకు తెరుచుకుంటుంది.

వృత్తిలో ఉన్న మహిళలను పిలిచి మాట్లాడించడం మంచిదే, కానీ ఎలా పిలవాలో చూసుకోవాలి. నోబెల్ స్థాయి కథలు విన్న పిల్ల "అంత నావల్ల కాదు" అనుకుంటుంది. పిల్లల కంటే అయిదు నుంచి పదేళ్లు పెద్దవాళ్లను పిలవండి: ల్యాబ్ టెక్నీషియన్, పరికరాల లోపల నడిచే ప్రోగ్రాములు (ఫర్మ్‌వేర్) రాసే ఇంజనీరు, నీటి నమూనాలు పరీక్షించే కెమిస్టు, సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇరవై నిమిషాలు మాట, నలభై నిమిషాలు పని. నిన్న చేసిన పనిలో ఒక ముక్క తెమ్మనండి. పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసుకోవాలి: పొద్దున వెళ్లగానే మొదట ఏం చేస్తారు, ఏ పరికరం ఎక్కువ వాడతారు, పోయిన వారం ఏం చెడిపోయింది, ఈ పనికి చేరాలంటే ఏం చదివి ఉండాలి, చదివినదాంట్లో ఏం పనికిరాలేదు. "పెళ్లి, పిల్లలు, ఉద్యోగం ఎలా సమన్వయం చేస్తారు" అని మగ అతిథిని అడగరు కదా, ఆమెనూ మొదటి ప్రశ్నగా అడగవద్దు.

ప్రతి అమ్మాయి దగ్గరా ఒక నోటు పుస్తకం ఉండాలి. తేదీ, ఏం అవుతుందనుకున్నాను, ఏం అయింది, ఏం మార్చాను. నీట్‌గా ఉండనక్కర్లేదు, కొట్టివేతలు ఉండాలి. రెండేళ్ల తర్వాత కాలేజీకో, శిక్షణకో దరఖాస్తు పెట్టేటప్పుడు ఇదే ఆమె సాక్ష్యం. సిఫారసు లేఖ రాసే టీచర్లకు కూడా ఒక మాట. 2012లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకు ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో పంపారు. జెన్నిఫర్‌కు సామర్థ్యం తక్కువని రేటింగ్ వచ్చింది, జీతం తక్కువ ప్రతిపాదించారు. మహిళా ప్రొఫెసర్లు కూడా అలాగే చేశారు. కాబట్టి లేఖలో "అణకువ గల, కష్టపడే అమ్మాయి" అని రాసి వదిలేయకండి. ఏం కట్టింది, ఏ తప్పు ఎలా పట్టుకుంది, ఎంతలో పూర్తిచేసింది అని కనీసం మూడు పనులు అంకెలతో రాయండి. ఆ నోటు పుస్తకం పక్కన పెట్టుకుంటే ఆ మూడూ దొరుకుతాయి.

ఎనిమిది వారాలయ్యాక కిట్‌ను బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. పేరు రాసుకుని నెల రోజులు ఇంటికి పంపండి. తిరిగి వచ్చాక పోయిన భాగాలు లెక్కచూసి, ఎల్ఈడీలు, రెసిస్టర్లు నింపి ఇంకొకరికి ఇవ్వండి. పంపేముందు ఇంటివాళ్లను అరగంట పిలిచి, పాప చేత్తోనే ఒక తప్పు వెతికించి చూపించండి. మాట్లాడేది ఆమే కావాలి, మీరు పక్కన నిలబడండి. తర్వాతి బ్యాచ్‌కు ఆరుగురికొకరు సహాయకులు కావాలి కదా, ఈ బ్యాచ్‌లోంచే ఇద్దరు అమ్మాయిలను తీసుకోండి. వాళ్లకు కూడా అదే నియమం: చేతులు వెనక్కి.